మట్టిపాత్రలు: రాయలసీమ కుమ్మరం

బంకమన్నును తడిపి, మెదిపి, రూపమిచ్చి, నీడలో ఆరబెట్టి, నిప్పులో కాల్చి చేసిన పాత్ర మట్టిపాత్ర. ఆరిన పచ్చికుండను నీళ్ళలో వేస్తే కరిగి మళ్ళీ మన్నవుతుంది. ఒకసారి కాలిన కుండ పగిలితే పెంకులవుతుంది తప్ప మన్ను కాదు. అందుకే వేల ఏళ్ళు భూమిలో ఉన్నా పెంకు నిలుస్తుంది. రాతిసీమగా పేరుపడిన కడప, కర్నూలు ప్రాంతాల్లోనూ నీళ్ళు, కూడు, విత్తనం, దీపం, పెళ్ళి, చావు అన్నీ ఒకనాడు మట్టిపాత్ర చుట్టూనే తిరిగాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ, గాలి పొడి అయిన ఈ నేలకు మట్టిపాత్ర గుణాలు బాగా సరిపోవడం దానికి ముఖ్య కారణం.

పేరు, పరిధి

పురావస్తు గ్రంథాలు మట్టిపాత్రను మృణ్మయపాత్ర అంటాయి. వాడుకలో కుండ అన్నది ఒక ఆకారానికి పేరు, మట్టిపాత్రలన్నిటికీ కలిపి వాడే మాట కూడా. వీటిని చేసే వృత్తి కుమ్మరం, చేసేవారు కుమ్మరులు, కాల్చే చోటు ఆవం, తిప్పే చక్రం సారె. పాత్రలు కాక బొమ్మలు, పెంకులు, గొట్టాలు, అలంకార వస్తువులు మట్టితో చేసి కాల్చితే వాటిని టెర్రకోట అనడం నేటి అలవాటు. ఇటాలియన్ భాషలో ఆ మాటకు కాల్చిన మన్ను అనే అర్థం.

మట్టితో చేసి కాల్చే వస్తువులన్నీ ఒక్కటి కావు. కాల్చే వేడిని బట్టి, కాలిన తర్వాత నీరు పీల్చే గుణాన్ని బట్టి వాటిని మూడు తరగతులుగా చూస్తారు. పల్లె ఆవంలో 600 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ వరకు కాలేది మామూలు మట్టిపాత్ర. కర్మాగారపు కొలిమిలో 1,100 డిగ్రీల వరకు కాల్చినవి కూడా ఈ తరగతిలోకే వస్తాయి. 1,200 డిగ్రీలు దాటితే మట్టిలోని కొన్ని ఖనిజాలు కరిగి, రేణువుల మధ్య ఖాళీలను మూసేస్తాయి. అలా గట్టిపడి నీరు పీల్చనిది స్టోన్‌వేర్. ఊరగాయ జాడీలు ఈ రకానివే. తెల్లని కయోలిన్ మట్టిని 1,300 డిగ్రీల ప్రాంతంలో కాల్చగా వచ్చేది పింగాణీ. మామూలు మట్టిపాత్ర తన బరువులో 10 శాతానికి మించి నీరు పీల్చుకోగలదు. మేలైన పింగాణీ అర శాతం కూడా పీల్చదు. మట్టిపాత్ర మంచిచెడ్డలు చాలావరకు ఈ ఒక్క గుణం నుంచే వస్తాయి.

ప్రాచీన చరిత్ర

ప్రపంచంలో ఇప్పటికి దొరికిన అతి పాత మట్టిపాత్రలు చైనాలోని షియన్‌రెన్‌డాంగ్ గుహవి. వాటి వయసు సుమారు 20,000 ఏళ్ళు. వ్యవసాయం పుట్టక ముందే, వేటాడి తిరిగే మనుషులు వాటిని వాడారు. కుమ్మరి చక్రం పశ్చిమాసియాలో క్రీస్తుపూర్వం నాలుగో సహస్రాబ్ది నాటికి వాడుకలోకి వచ్చింది.

దక్షిణ భారతంలో మట్టిపాత్ర కొత్త రాతియుగపు పశుపాలకులతో కనిపిస్తుంది. తుంగభద్ర, కృష్ణ పరీవాహకంలో వారు వదిలిన బూడిదదిబ్బల్లో చేత్తో చేసిన బూడిదరంగు పాత్రల పెంకులు దొరికాయి. మహబూబ్‌నగర్ ప్రాంతపు ఉట్నూరు బూడిదదిబ్బను పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్. ఆర్. ఆల్చిన్ 1957లో తవ్వారు. ఆ కాలపు పాత్రల్లో చాలావాటిని కాల్చకముందు నున్నని రాయితో రుద్ది మెరుగు పెట్టేవారు. మెరుగు పెడితే పైపొర బిగిసి, నీరు కారడం కొంత తగ్గుతుంది.

తర్వాతి తామ్రశిలాయుగంలో కర్నూలు సీమకు ఒక ప్రత్యేకత ఉంది. బనగానపల్లె ప్రాంతపు పాతపాడు దగ్గర దొరికిన రంగుగీతల పాత్రల వల్ల, అలాంటి వాటన్నిటికీ ఆ ఊరి పేరే స్థిరపడింది. ఎర్రని పూత మీద ముదురు రంగుతో గీతలు, వలలు, త్రిభుజాలు గీయడం వీటి లక్షణం. పొడవాటి తెరిచిన కొమ్ము ఉన్న గిన్నె వీటిలో ప్రసిద్ధం. పోసే ద్రవం ఒలికిపోకుండా సన్నని ధారగా పడడానికి ఆ కొమ్ము పనికొస్తుంది. కర్నూలు ప్రాంతంలోని రామాపురం తవ్వకాల్లోనూ ఈ కాలపు ఆనవాళ్ళు బయటపడ్డాయి.

ఇనుపయుగపు సమాధుల్లో మట్టిపాత్ర వాడుక ఇంకా విస్తరించింది. రాయలసీమలో రాతి గుండ్లు వలయంగా పేర్చిన బృహత్‌శిలా సమాధులు విరివిగా ఉన్నాయి. చనిపోయినవారి ఎముకలతో పాటు కుండలు, గిన్నెలు, మూతలు, కుదుళ్ళు పెట్టి పూడ్చేవారు. కాళ్ళున్న మట్టి శవపేటికలూ చేసేవారు. కడప జిల్లా శంఖవరంలో దొరికిన జంతురూపపు మట్టి శవపేటిక చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. అంత పెద్ద వస్తువును పగుళ్ళు లేకుండా ఆరబెట్టి కాల్చడం నేటి కుమ్మరికీ కష్టమైన పనే.

ఆ సమాధుల గుర్తింపు వస్తువు నలుపు–ఎరుపు పాత్ర. దాని లోపలి భాగం, మూతి నల్లగా ఉంటాయి. వెలుపలి కింది భాగం ఎర్రగా ఉంటుంది. పాత్రను బోర్లించి, మూతి దగ్గర పొట్టు, ఆకు వంటివి దట్టంగా నింపి కాల్చితే అక్కడికి గాలి అందదు. పొగలోని కార్బన్ మట్టిలోకి ఇంకి నల్లబడుతుంది. గాలి తగిలే భాగంలో ఇనుము ఆక్సైడుగా మారి ఎర్రబడుతుంది. ఒకే ఆవంలో, ఒకే కాల్పులో రెండు రంగులు తెప్పించే ఈ పద్ధతిని దక్షిణాది కుమ్మరులు శతాబ్దాల పాటు కొనసాగించారు.

కుమ్మరి, గ్రామం

విజయనగర కాలంలో పల్లె పనులు ఆయగాండ్ల వ్యవస్థ మీద నడిచేవి. కరణం, రెడ్డి, తలారి, కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి వంటి పన్నెండుగురు ఆయగాండ్లలో కుమ్మరి ఒకరు. ప్రతి ఇంటికీ ఏడాదికి కావలసిన కుండలు ఇవ్వడం కుమ్మరి బాధ్యత. కళ్ళం దగ్గర పంట కొలిచేటప్పుడు అతనికి మేరగా గింజలు ఇవ్వడం రైతు బాధ్యత. కొన్ని గ్రామాల్లో కుమ్మరికి మాన్యం భూమి కూడా ఉండేది. డబ్బు చేతులు మారకుండానే ఊరికి పాత్రలు, కుమ్మరికి తిండి సమకూరేవి. పంట పండని ఏట మేర కూడా తగ్గేది కాబట్టి కరువుసీమలో కుమ్మరి బతుకు రైతు బతుకుతో ముడిపడి ఉండేది.

1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దత్తమైన కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలకు థామస్ మన్రో 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్నాడు. ఆ కాలపు రెవెన్యూ లెక్కల్లో గ్రామసేవకుల మాన్యాలు, మేరలు ఒక ముఖ్యాంశం. రైత్వారీ పద్ధతిలో పన్ను డబ్బుగా కట్టవలసి రావడంతో గింజల మీద నడిచే ఇచ్చిపుచ్చుకోలు క్రమంగా సన్నగిల్లింది. ఆంధ్ర ప్రాంతంలో 1956 నాటి ఇనాముల రద్దు చట్టం మాన్యాలను రైత్వారీ పట్టాలుగా మార్చింది. కుండను సంతలో డబ్బుకు అమ్ముకోవడమే ఆ తర్వాత మిగిలిన దారి.

కుమ్మరులు తమను శాలివాహనులుగా చెప్పుకుంటారు. శాలివాహనుడనే రాజు కుమ్మరింట పెరిగాడని, మట్టి బొమ్మలకు ప్రాణం పోసి సైన్యంగా నడిపించాడని కథ. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో తెలుగు కుమ్మరుల ఆచారాలు నమోదయ్యాయి. వృత్తిలో ఇంటిల్లిపాదీ పాల్గొంటారు. చాలాచోట్ల సారె తిప్పడం మగవారి పని. మన్ను మెదపడం, కుండలకు పూత పూయడం, ఆవం పేర్చడంలో చేయూత, సంతలో అమ్మకం ఆడవారి పని.

మన్ను

మంచి కుండకు మొదటి షరతు మంచి మన్ను. రాయలసీమలో నదులు తక్కువ, చెరువులు ఎక్కువ. కడప జిల్లా ఒంటిమిట్ట వంటి ఊళ్ళలో కొండ నుంచి జారిన వాననీరు చెరువులో నిలిచి, తెచ్చిన సన్నని ఒండ్రును అడుగున వదిలిపెడుతుంది. వేసవిలో చెరువు ఎండినప్పుడు తవ్వి తెచ్చే ఈ జిగట మన్నే కుండలకు ప్రాణం. ఒంటిమిట్ట చుట్టుపక్కల కడప హరివాణపు క్వార్ట్‌జైటు, షేలు కొండలున్నాయి. షేలు శిథిలమైతే బంకమన్నుకు పనికొచ్చే సన్నని రేణువులు వస్తాయి.

జిగట ఒక్కటే చాలదు. మరీ జిగటగా ఉండే నల్లరేగడి ఆరేటప్పుడు ఎక్కువగా కుంచించుకుపోయి పగులుతుంది. అందుకే రెండు మూడు రకాల మన్ను కలిపి, దానికి సన్నని ఇసుక, బూడిద, పొట్టు లేదా ఎండిన పేడపొడి చేరుస్తారు. ఇసుక కుంచనాన్ని తగ్గిస్తుంది. పొట్టు, పేడ కాల్పులో కాలిపోయి సన్నని రంధ్రాలు వదులుతాయి. నీళ్ళకుండకు రంధ్రాలు కావాలి కాబట్టి దాని మట్టిలో ఇవి ఎక్కువ, వంటకుండకు ఇసుక ఎక్కువ. పాళ్ళు ఎంతన్నది కొలతతో కాదు, పిడికిట్లో నలిపి చూసి తేలుస్తారు.

కడప, కర్నూలు మట్టికి ఒక ప్రత్యేక బెడద ఉంది. ఇక్కడ నాపరాయి, సున్నపురాయి విస్తారంగా దొరుకుతాయి కాబట్టి మన్నులో సున్నపు గులకలు కలిసే అవకాశం ఎక్కువ. ఆవంలో వేడికి ఆ గులక కాల్చిన సున్నంగా మారుతుంది. కుండ బయటికి వచ్చాక గాలిలోని తేమను పీల్చి అది ఉబ్బుతుంది. చెక్కుచెదరకుండా ఆవం దిగిన కుండ కొద్ది రోజులకు పైన పెచ్చు లేచి, మధ్యలో తెల్లని చుక్క కనిపించడానికి కారణం అదే. దీన్ని తప్పించుకోవడానికి మన్నును ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టడమో, నీళ్ళలో కలిపి పైతేట పట్టడమో చేస్తారు.

తయారీ

జల్లించిన మన్నును నానబెట్టి, కాళ్ళతో తొక్కి, చేత్తో పిసికి ముద్ద చేస్తారు. లోపల గాలిబుడగ మిగిలితే కుండ గోడ బలహీనపడుతుంది కాబట్టి ఈ పనిలో తొందర పనికిరాదు. ముద్దను సారె నడుమ గట్టిగా చరిచి, చక్రం అంచున ఉన్న గుంటలో కర్ర పెట్టి గిరగిరా తిప్పుతారు. బరువైన చక్రం ఒకసారి ఊపందుకుంటే కొన్ని నిమిషాల పాటు తిరుగుతుంది. ఆ లోపల రెండు బొటనవేళ్ళతో ముద్ద నడుమ గుంట చేసి, లోపలి చేయి, వెలుపలి చేయి సమంగా ఒత్తుతూ గోడను పైకి లాగుతారు. తడిగుడ్డతో మూతి మలిచి, తాడుతో కింద కోసి తీస్తారు.

గుండ్రని కుండ సారె మీద పూర్తి కాదు. సారె నుంచి దిగేటప్పుడు దాని మెడ, మూతి మాత్రమే తయారై ఉంటాయి. కింది భాగం మందంగా, తరచు తెరిచే ఉంటుంది. ఒక పూట నీడలో ఆరి, వేలు పెడితే నొక్కుపడి, అంటుకోని పదునుకు వచ్చాక అసలు పని మొదలవుతుంది. ఎడమచేతిలో నున్నని రాతిగుండు పట్టి లోపల ఆనించి, కుడిచేతిలోని చెక్కతో వెలుపల తడతారు. గుండు, చెక్క ఎప్పుడూ ఎదురెదురుగా పడాలి. తడుతూ తిప్పుతుంటే మందపు అడుగు పలచబడి, సాగి, బోలుగా గుండ్రం తిరుగుతుంది. తెరిచి ఉన్న అడుగు మూసుకుంటుంది. దెబ్బ తేడా పడితే చిల్లి. ఇన్ని రోజుల పని ఒక్క క్షణంలో పోయే తీరు చూసే తెలుగువారు కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అన్నారు.

గుండ్రని అడుగు వాడుకకు తగిన ఏర్పాటు. మూడు రాళ్ళ పొయ్యి మీద బోలు అడుగు కుదురుకుంటుంది. మూలలు లేనందున వేడి ఒకచోట పోగుపడక గోడంతా సమంగా వ్యాకోచిస్తుంది, పగులు తక్కువ. నేల మీద నిలపడానికి చుట్టకుదురు ఉంటే చాలు.

ఆరిన కుండకు జాజు, కావిమన్ను నీళ్ళలో కలిపి పూస్తారు. నంద్యాల జిల్లా బేతంచెర్ల ప్రాంతం ఇలాంటి రంగుమట్టి గనులకు పేరున్నది. పూత ఆరాక నున్నని గులకరాయితో రుద్దితే మెరుపు వస్తుంది. భుజం మీద వేలిగోరుతోనో పుల్లతోనో గీసిన వంకర గీతలు, చుక్కల వరుస పల్లె కుండకు అలంకారం. తడి కుండ ఆరి, కాలేసరికి పదో వంతు వరకు కుంచించుకుంటుంది. అందుకే అనుకున్న దానికన్నా పెద్దది చేయడం అలవాటు.

కాల్పు

ఆవం అంటే ఇటుకతో కట్టిన కొలిమి కావలసిన పనిలేదు. రాయలసీమ పల్లెల్లో చాలాకాలం నేల మీదే కాల్చేవారు. నేలను కాస్త గుంటగా చేసి, పిడకలు, కట్టెలు, కంప పరిచి, దాని మీద కుండలను మూతి కిందికో పక్కకో పెట్టి వరుసలుగా పేరుస్తారు. సందుల్లో పొట్టు, పిడకముక్కలు నింపుతారు. గడ్డి కప్పి పైన తడిమట్టి మెత్తి, పొగ పోవడానికి రంధ్రాలు వదులుతారు. ఎక్కడైనా పెరిగే సర్కారు కంప, వేరుశనగ పొట్టు సీమలో చౌకగా దొరికే వంటచెరకు.

మొదట మంట చాలా నెమ్మదిగా ఉండాలి. కుండ గోడలో మిగిలిన తడి 100 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంది. వేడి తొందరగా పెరిగితే ఆ ఆవిరి కుండను పగలగొడుతుంది. 450 నుంచి 600 డిగ్రీల మధ్య బంకమట్టి అణువుల్లో బంధించి ఉన్న నీరు విడిపోతుంది. మన్ను తిరిగిరాని విధంగా మారేది ఇక్కడే. 573 డిగ్రీల దగ్గర ఇసుకలోని క్వార్ట్జ్ నిర్మాణం మారి ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. చల్లారేటప్పుడు అదే చోట కుంచించుకుంటుంది. అందుకే ఆవాన్ని అనుకున్న వేళకు ముందే విప్పకూడదు. ఒక రోజంతా అయినా దానంతట అదే చల్లారాలి. ఈదురుగాలి, అకాల వర్షం వచ్చాయంటే ఆవమంతా పాడైనట్టే.

కొనేవారు కుండను అరచేతిలో ఎత్తి వేలి కణుపుతో కొడతారు. బాగా కాలినది ఖంగుమంటుంది. కంటికి కనిపించని బీట ఉన్నది బొంగురుగా పలుకుతుంది. సరిగా కాలనిది నీళ్ళు పోస్తే అడుగు మెత్తబడుతుంది.

పాత్రలు, వాడుక

పరిమాణాన్ని బట్టి, పనిని బట్టి మట్టిపాత్రకు పేర్లు మారుతాయి. నెత్తి మీదో నడుము మీదో నీళ్ళు మోయడానికి కడవ, నిల్వకు బాన, నీళ్ళు కాచడానికి కాగు, పశువులకు తొట్టి. వండడానికి కుండ, కూరకు, పులుసుకు వెడల్పు మూతి చట్టి. సీమలో దీన్ని సట్టి అని పలుకుతారు. మూతకు మూకుడు, రొట్టెకు పెంకు, పెరుగుకు, నెయ్యికి ముంత, గురిగి, పిడత. ఒకదాని మీద ఒకటి పేర్చిన దొంతుల్లో పప్పులు, మిరప, ఎండుచింత, విత్తనాలు ఉండేవి. విత్తనాల కుండ మూతిని పేడ, మట్టితో మూసి పురుగు చేరకుండా కాపాడేవారు. ఇంటి కప్పు నుంచి వేలాడే ఉట్టిలో పాలు, పెరుగు పిల్లికి అందకుండా ఉండేవి.

సంగటికి కుండ సహజమైన పాత్ర. బియ్యం లేదా నూకలు ఉడికాక రాగిపిండి పోసి, మూత పెట్టి, కాసేపు మగ్గనిచ్చి కట్టెతో గట్టిగా కలియబెడతారు. మట్టి వేడిని నెమ్మదిగా తీసుకుని నెమ్మదిగా వదులుతుంది. పొయ్యి మీద నుంచి దించాక కూడా ముద్ద మగ్గుతూనే ఉంటుంది, అడుగంటడం తక్కువ. కొత్త కుండను వెంటనే పొయ్యి మీద పెట్టరు. ఒక పూట నీళ్ళలో నానబెట్టి, గంజి కాచి పోస్తారు. గంజిలోని పిండి రంధ్రాల్లో చేరి ఊట తగ్గుతుంది. పులుసు వండడానికి కడప ప్రాంతంలో రాచిప్ప కూడా వాడేవారు. రాయి బాగా దొరికే చోట రాతిపాత్ర, మట్టిపాత్ర పనులు పంచుకున్నాయి.

పూత లేని పల్లె కుండతో ఆరోగ్యానికి పెద్ద ఇబ్బంది లేదు. శుభ్రంగా తోమి, ఎండలో ఆరబెడితే చాలు. మెరుపు పూత పూసి రంగులు వేసిన చౌక పాత్రల పూతలో సీసం ఉండవచ్చు. పుల్లటి పదార్థాలు దాన్ని కరిగిస్తాయి కాబట్టి సీసం లేదని తేలితేనే వాటిని వంటకు వాడాలి.

నీళ్ళు చల్లబడే తీరు

కుండలోని నీరు గోడలోని సన్నని రంధ్రాల గుండా వెలుపలికి ఊరి, పైపొర మీద తడిగా పరుచుకుంటుంది. అక్కడి నుంచి ఆవిరయ్యే ప్రతి గ్రాము నీరు సుమారు 2,400 జౌళ్ళ వేడిని కుండ నుంచి, లోపలి నీటి నుంచి తీసుకుంటుంది. పది లీటర్ల నీటిని 10 డిగ్రీలు చల్లబరచడానికి సుమారు 175 మిల్లీలీటర్లు ఆవిరైతే చాలు. బయటి వేడి లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి ఆ చల్లదనాన్ని నిలపడానికి ఇంకాస్త నీరు ఖర్చవుతుంది.

ఎంత చల్లబడాలన్నది గాలిలోని తేమ నిర్ణయిస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత వేగంగా ఆవిరవుతుంది. ఒక హద్దు కూడా ఉంది: కుండనీరు తడిబల్బు ఉష్ణోగ్రత (తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే వేడి) కన్నా కిందికి దిగదు. గాలి వేడి 40 డిగ్రీలు, తేమ 25 శాతం ఉన్న వేసవి మధ్యాహ్నం ఆ హద్దు సుమారు 24 డిగ్రీలు. కోస్తాలో వేడి 36 డిగ్రీలే ఉన్నా తేమ 65 శాతం ఉంటే హద్దు 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అంటే సముద్రపు ఒడ్డు కన్నా ఎక్కువ మండే రాయలసీమలోనే కుండనీరు ఎక్కువ చల్లగా ఉంటుంది.

కుండను గాలి ఆడే నీడలో, ఇసుక మీద పెట్టి, మెడకు తడిగుడ్డ చుట్టడం ఈ సూత్రాన్ని తెలిసి చేసిన పనే. రాయలసీమ బావినీటిలో లవణాలు ఎక్కువ. నీరు ఆవిరైనప్పుడు అవి రంధ్రాల్లో మిగిలిపోయి కుండ పైన తెల్లని పొరగా కనిపిస్తాయి. రంధ్రాలు మూసుకున్న కుండ చల్లదనం తగ్గుతుంది. ప్రతి వేసవికి కొత్త కుండ కొనే అలవాటుకు ఇదే కారణం. సబ్బుతో కడిగితే ఆ సబ్బు రంధ్రాల్లో చేరుతుంది. పీచుతో, మంచినీటితో రుద్దితే సరిపోతుంది.

ఒంటిమిట్ట కోదండరామస్వామి బ్రహ్మోత్సవాలు ఎండలు ముదిరే చైత్రమాసంలోనే వస్తాయి. శ్రీరామనవమికి పానకం, వడపప్పు, దారిపొడవునా చలివేంద్రాలు తెలుగునాట అంతటా ఉన్న ఆచారం. చలివేంద్రంలో ఎర్రగుడ్డ చుట్టిన కుండల వరుస చాలాకాలం దాని గుర్తు. ఇటీవల వాటి పక్కన ప్లాస్టిక్ డబ్బాలు చేరాయి.

ఆచారాల్లో, సాహిత్యంలో

మనిషి జీవితంలో ముఖ్యమైన ఘట్టాలకు కొత్త కుండ కావాలి. ఉగాది పచ్చడి కొత్త కుండలో కలుపుతారు. పెళ్ళిలో ఐరేని కుండలను కుమ్మరింటి నుంచి మేళతాళాలతో తెస్తారు. సున్నం, పసుపు, కుంకుమ బొట్లతో అలంకరించిన ఆ కుండల దగ్గరే కొన్ని తంతులు జరుగుతాయి. దహనసంస్కారంలో నీళ్ళకుండకు చిల్లులు పెట్టి, చితి చుట్టూ తిరిగి, చివరికి పగలగొడతారు. గ్రామదేవతల జాతరల్లో మట్టి బొమ్మలు, ఘటాలు, ప్రమిదలు చేసేవారు కుమ్మరులే.

తిరుమల సంప్రదాయంలో మట్టిపాత్రకు అరుదైన స్థానం ఉంది. బంగారు, వెండి పాత్రలున్నా గర్భగుడి గడప అయిన కులశేఖరపడి దాటి మూలవిరాట్టు ముందుకు వెళ్ళే నైవేద్యం మట్టి ఓటిలోని దధ్యోదనమేనని (పెరుగన్నమేనని) ప్రసిద్ధి. స్థలపురాణంలో భీముడనే కుమ్మరి తన ఇంట్లోనే మట్టిపూలతో స్వామిని కొలుస్తాడు. తొండమాన్ చక్రవర్తి వేసిన బంగారు పూల మీద ఆ మట్టిపూలు కనిపిస్తాయి. అహంకారం వీడిన రాజు ఆ కుమ్మరిని వెతుక్కుంటూ వెళ్తాడు.

తెలుగులో తొలి రామాయణాల్లో ఒకదాన్ని రాసిన ఆతుకూరి మొల్లను సంప్రదాయం కుమ్మరి మొల్లగా పిలుస్తుంది. తన ఊరు గోపవరమని, తండ్రి కేసన అని ఆమె చెప్పుకుంది. ఆ గోపవరం కడప జిల్లా బద్వేలు దగ్గరి ఊరని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఆమె కాలం 16వ శతాబ్దంగా భావిస్తారు. ఆమె రామాయణం ఆరు కాండలది. రామాలయం వల్ల పేరుపొందిన ఒంటిమిట్ట, రామాయణం వల్ల పేరుపొందిన గోపవరం ఒకే జిల్లాలో ఉండడం విశేషం.

వాడుక భాషలోనూ కుండ నిలిచింది. నిండుకుండ తొణకదు, ఓటికుండకు మోత ఎక్కువ, కుమ్మరి ఆవంలో ఇత్తడి ముంత దొరుకుతుందా అన్నవి ఇప్పటికీ వినిపించే సామెతలు. కుండను వాడని ఇళ్ళలో కూడా ఈ సామెతలు వాడుతున్నారు.

మార్పులు, నేటి స్థితి

మట్టిపాత్ర వెనకబడడం ఒక్కరోజులో జరగలేదు. మొదట ఇత్తడి, రాగి పాత్రలు సంపన్నుల ఇళ్ళలో ఉండేవి. 20వ శతాబ్దంలో సత్తుగిన్నెలు చౌకగా వచ్చాయి, ఆ తర్వాత స్టెయిన్‌లెస్ స్టీలు, దాని వెంట ప్లాస్టిక్ బిందెలు, చివరికి ఫ్రిజ్. పగలదు, తేలిక, గ్యాసుపొయ్యి మీద కుదురుకుంటుంది అన్న మూడు లాభాల ముందు గుండ్రని మట్టికుండ నిలవలేకపోయింది. ఇళ్ళకు మంగుళూరు పెంకులు, సిమెంటు కప్పులు రావడంతో చేతిపెంకుల గిరాకీ కూడా పోయింది.

ఇటీవల కొంత మార్పు కనిపిస్తోంది. కుళాయి బిగించిన కుండలు, చదును అడుగు చట్లు, బిర్యానీ కుండలు, టీ గ్లాసులు, పెరుగు పాత్రలు పట్టణాల్లో అమ్ముడవుతున్నాయి. 2022 జులై 1 నుంచి దేశమంతా కొన్ని ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులను నిషేధించడం మట్టి గ్లాసుకు కాస్త ఊపిరి పోసింది. రాయలసీమలోనే చిత్తూరు జిల్లా పలమనేరు టెర్రకోట పనికి పేరు తెచ్చుకుంది. అలంకరణ వస్తువులు, బొమ్మలు, తోటకుండీలు చేసి దూరప్రాంతాలకు పంపడం వల్ల అక్కడ వృత్తి నిలదొక్కుకుంది.

ప్రభుత్వ సాయం పలు తీరుల్లో వచ్చింది. ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ 2018లో కుమ్మరి సశక్తీకరణ యోజన పేరుతో విద్యుత్ సారెలు, శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. విద్యుత్ సారె చేతిశ్రమను తగ్గిస్తుంది, పని గంటలు పెంచుతుంది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కుమ్మరం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీతో మొదట లక్ష, తర్వాత రెండు లక్షల రూపాయల రుణం అందులో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో కుమ్మరి శాలివాహన కార్పొరేషన్ ఏర్పడింది.

చక్రం మారినంత మాత్రాన వృత్తి నిలవదు. మన్ను, వంటచెరకు, సంత అనే మూడూ అందాలి. చెరువుల ఆక్రమణ, పూడిక, ఇటుకబట్టీల పోటీ మంచి మన్నును దూరం చేశాయి. వర్షాకాలంలో ఆరబెట్టే చోటు, కాల్చే వీలు లేక పని ఆగిపోతుంది. అమ్మకమంతా ఫిబ్రవరి నుంచి మే వరకు నీళ్ళకుండల మీద, అక్టోబరు–నవంబరులో ప్రమిదల మీద ఆధారపడుతుంది. ఊరి చెరువులో కుమ్మరులకు మట్టి తవ్వుకునే చోటు గుర్తించడం, అందరూ కలిసి వాడుకునే పొగ తక్కువ కొలిమి కట్టడం, వానాకాలానికి కప్పున్న ఆరబెట్టే పందిరి వేయడం ఖర్చు తక్కువ పనులు. ఈ మూడూ సమకూరిన చోట కుమ్మరం ఏడాది పొడవునా నడుస్తుంది. సమకూరని చోట అది వేసవి వ్యాపారంగానే మిగులుతుంది.